ఎండబెట్టిన ల్యాప్‌టాప్

మా అన్న గొంతు ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఉండేది. మనిషి బతికే ఉన్నాడు. కాశిబుగ్గలో మా ఇంటి కింది వాటాలోనే ఉంటాడు, పొద్దున్నే పేపరు చదువుతాడు, కూరలో ఉప్పు తక్కువైతే కంచం పక్కకు జరుపుతాడు. గొంతొక్కటే ఆయన దగ్గర లేదు. క్యాన్సరొచ్చిందని హైదరాబాద్ దవాఖానలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింది భాగంలో ఒక రంధ్రం పెట్టారు. ఊపిరి తీసుకోవడం, దగ్గడం అన్నీ అందులోంచే. దాని మీద వదిన కుట్టిన పలచటి గుడ్డ వేలాడుతుంటుంది. ఏదైనా చెప్పాలంటే బడిపిల్లల పలక మీద బలపంతో రాస్తాడు.

ఆపరేషన్‌కు ముందు ఆయన ఎనుమాముల మిర్చి యార్డులో పాట పాడేవాడు. అక్కడ పాటంటే వేలం పాట. రైతులు బస్తాల మూతులు విప్పి కూర్చుంటే, ఖరీదుదారులు గుంపుగా వచ్చి కాయల్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి చూస్తుంటే, రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం తరఫున మా అన్న పక్కన నిలబడి సరుకును పొగిడి ధర పిలిచేవాడు. ఆ ఘాటుకు కొత్తవాళ్లు ముక్కుకు తువ్వాలు కట్టుకున్నా దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఈయన అదే గాలి పీల్చి, అదే గాలితో షెడ్డు ఆ చివరనున్న హమాలీ తలెత్తేలా పిలిచేవాడు. పిలుపు చివర ఒక విరుపు ఉండేది. గొంతు కొంచెం పైకి లేచి అక్కడ ఆగిపోయేది. ఆ ఆగిన చోటే ఖరీదుదారు నోరు జారి ధర ఇంకో మాట ఎక్కువ అనేవాడు. యార్డులో ఆ విరుపు ఇంకెవరికీ రాలేదు. ఎంతమంది ప్రయత్నించారో నేను చూశాను.

ఒక సీజన్‌లో ఏదో పరిశోధన చేస్తున్న అమ్మాయి చిన్న మైకు పట్టుకుని యార్డంతా తిరిగి ఈ పిలుపులన్నీ రికార్డు చేసుకుంది. పోతూ పోతూ మా అన్న పాటను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతికిచ్చింది. నేను దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో పాత సినిమా పాటలు నింపుకున్నాను. అప్పుడు అన్న గొంతు ఇంట్లోనే ఉంది, పొద్దస్తమానం మోగుతూనే ఉంది, దాన్ని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఆపరేషన్ తర్వాత ఆ అమ్మాయి నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో పెద్దమనిషి ఎత్తి, ఆడపిల్లల కోసం ఫోన్లు చేస్తావా అని నన్ను తిట్టిపోశాడు. కాబట్టి ఆ పాట ఉన్నది ఒక్కచోటే.

ఆ ల్యాప్‌టాప్ సంగతి కూడా చెప్పాలి. నేను మార్కెట్ దారిలో ఒక వే బ్రిడ్జి మీద పనిచేస్తాను. లారీ ఎక్కుతుంది, నేను బరువు చూసి చీటీ ఇస్తాను, లారీ దిగుతుంది. ఆ క్యాబిన్‌లో ఏళ్ల తరబడి మిర్చి దుమ్ము తిన్న ల్యాప్‌టాప్ అది. యజమాని కొత్త కంప్యూటర్ తెచ్చాక దీన్ని నాకు పడేశాడు. అప్పటికే బ్యాటరీ చచ్చింది, కరెంటు వైరు పెడితేనే వెలుగుతుంది. ఒకవైపు మూత కీలు విరిగింది, వెనక ఏదైనా ఆనించకపోతే తెర వెల్లకిలా పడుతుంది. కొన్నాళ్లు వాడి, తర్వాత గుడ్డలో చుట్టి సజ్జ మీద పెట్టాను.

మొన్న ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున అన్న పలక పట్టుకుని పై వాటాకొచ్చాడు. ఏం మందులు అయిపోయాయో అనుకుంటూ చూశాను. "నా గొంతు ఎట్లుండెనో నాకు యాదికి వస్తలేదు" అని రాసి ఉంది.

పైకి ధీమాగా, దాందేముందన్నా, ల్యాప్‌టాప్‌ల ఉన్నది గదా, ఇప్పుడే పెడ్త అన్నాను. స్టూలెక్కి సజ్జ మీంచి దించి, గుడ్డతో తుడిచి, వైరు పెట్టి మీట నొక్కాను. అన్న కుర్చీ దగ్గరికి లాక్కుని, వేలం చూడ్డానికొచ్చిన రైతులాగా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

దీపం వెలిగింది. లోపల ఫ్యాను గిర్రుమంది. తెర నల్లగానే ఉంది. కాసేపు చూశాం. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది, మళ్లీ దానంతటదే వెలిగి మళ్లీ గిర్రుమంది. అట్లా అది తనలో తానే లేస్తూ పడుకుంటూ ఉంది తప్ప తెర మీదికి ఒక్క అక్షరం రాలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా గల్లీలో అందరికీ తెలుసు. అయినా ఆ పూట ఓపిక పట్టాను. ఫోన్‌లో వీడియోలు చూసి ఒక్కొక్కటే చేశాను. వైరు పీకి, బ్యాటరీ తీసి, మీటను అట్లాగే నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుందన్నారు, పట్టుకున్నాను. వెనక మూత విప్పి ర్యామ్ పట్టీ బయటికి తీసి, దాని పసుపు పళ్లను రబ్బరుతో రుద్దమన్నారు, పక్కింటి పాప డబ్బాలోంచి రబ్బరు అడుక్కొచ్చి రుద్దాను. అప్పుడు కంపెనీ బొమ్మ వచ్చింది. బొమ్మ కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. వదిన తెచ్చిన చాయ్ చల్లారిపోయింది, చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి తెరంతా నీలమై ఒక ఏడుపు మొహం బొమ్మ వచ్చింది. నువ్వెందుకే ఏడుస్తవ్, ఏడ్వాల్సింది మేము అని దాని నెత్తిన ఒక్కటిచ్చాను. అన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ తర్వాత కొన్ని రోజులు అదే తంతు. నేను డ్యూటీ దిగి రాగానే అన్న మెట్లెక్కి వచ్చి కూర్చునేవాడు. పలక ఒళ్లో ఉండేది గాని ఏమీ రాసేవాడు కాదు. ఒక రోజు లేచేది, ఒక రోజు లేచేది కాదు. లేచిన రోజు మౌస్ కదిపేసరికి తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడ బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా ఉలకదు పలకదు. బలవంతంగా ఆర్పి మళ్లీ మొదట్నుంచి. నన్ను అరిగోస పెట్టింది ఆ డబ్బా. దాని కంటే ఎక్కువగా అన్న ఏమీ అనకుండా కూర్చోవడం నాకు మంట పుట్టించేది. ఏదన్నా అను, తిట్టు అని ఒకసారి అరిచాను కూడా. అరిచాక గాని గుర్తుకు రాలేదు, ఆయన అనలేడని.

ఇక లాభం లేదని బండి మీద ఇద్దరం హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక రిపేరు దుకాణానికి పోయాం. దుకాణదారు నాకంటే బాగా చిన్నవాడు, నన్ను కాకా అని పిలుస్తాడు, నేను భాయ్ అంటాను. ఒక చేత్తో మా మూత విప్పుతూ ఇంకో చేత్తో ఫోన్ మాట్లాడుతూ, ఇంత పాతదానికి ఖర్చెందుకు, కొత్తది తీసుకోండ్రి అన్నాడు. కొత్తదాంట్లో మా అన్న గొంతు ఉంటుందా అన్నాను. భాయ్‌కి అర్థం కాలేదు. చెప్పాక ఫోన్ పెట్టేశాడు.

ఫ్యాను పక్క రేకు తీసి, దుమ్ము ఊదే మిషన్ పెట్టాడు. గప్పున ఎర్రటి పొడి లేచింది. అన్నేళ్ల మిర్చి దుమ్ము, ఇంకా ఘాటు చావలేదు. దుకాణదారు వరసపెట్టి తుమ్మాడు. అన్నకు మెడ రంధ్రంలోంచి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, గుడ్డ ఎగిరెగిరి పడింది, కళ్లు ఎర్రబడ్డాయి. పాపం ఆ భాయ్ భయపడి నీళ్లు తెచ్చాడు. ఎక్కడ పొయ్యాలో తెలియక గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. అన్నను బయటికి తీసుకుపోయి చెట్టు నీడన కూర్చోబెట్టాను. దగ్గు తగ్గాక ఆయన పలక మీద ఒక్క మాట రాసి నాకు చూపించాడు. "తేజ." ఆ దుమ్ము ఏ రకం మిర్చిదో గుర్తుపట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఎండాకాలం మేము నవ్వింది అంతే అనుకుంటా.

దుమ్ము పోయాక ల్యాప్‌టాప్ అక్కడే లేచింది. భాయ్ జాగ్రత్తలు చెప్పాడు. లోపల వేడెక్కుతోంది, అందుకే బిగుసుకుపోతోంది, డిస్కు కూడా ముసలిదైంది, ఎక్కువ సేపు నడపొద్దు, ఇంటికి పోయి ముందు మీకు కావాల్సింది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, వినడాలు చూడడాలు తర్వాత అన్నాడు. ఆ పని అక్కడే చేయించుకుంటే పోయేది. పెన్‌డ్రైవ్ ఇంట్లో ఉంది. ఇంట్లో ఉన్నదాన్ని మళ్లీ కొనడమెందుకనుకున్నాను.

ఇంటికి రాగానే పెట్టాను. లేచింది. బాణం కదిలింది. ఫోల్డరు తెరిస్తే ఫైలు కనిపించింది, "అన్న పాట" అని నేనే పెట్టిన పేరు. పెన్‌డ్రైవ్ తీసి గుచ్చబోతుంటే అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. చెవి చూపించాడు. ముందు వింటానని.

కాదనాల్సింది. ఎట్లా కాదంటాం? తన గొంతు తాను వింటానంటున్నాడు. పాట మీద నొక్కాను.

మొదట యార్డు రొద వచ్చింది. హమాలీల కేకలు, ఎక్కడో లారీ హారన్, ఎవరిదో తుమ్ము. ఆ తర్వాత అన్న వచ్చాడు. "ఏయ్… సూడుండ్రి, చేతిల వట్టి సూడుండ్రి, నెత్తురు లెక్క ఉన్నది సరుకు, తేమ లేదు, చెవు కాడ వెట్టుకోండ్రి, గలగలంటాంది…" వంటింట్లోంచి వదిన తడి చేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్న ల్యాప్‌టాప్‌ను చూడ్డం లేదు. నన్ను చూస్తున్నాడు. నిజంగా ఇది నేనేనా అని నా మొహంలో వెతుకుతున్నాడు. నేను తల ఊపాను. పిలుపు విరుపు దగ్గరికి వచ్చింది, గొంతు పైకి లేస్తోంది, అక్కడే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఆ ఒక్క ముక్క, మాట కూడా కాదు, మాటలో తునక, గర్రుమని ఆగకుండా మోగుతూ ఉండిపోయింది. ఏ మీట నొక్కినా ఆగలేదు. వదిన చెవులు మూసుకుంది. నేను వైరు పీకేశాను.

వదిన కళ్లు తుడుచుకుని, ఫోన్ల రికార్డు వట్టుకుంటే అయిపోతుండె గదా అంది. నా ఫోన్ నా జేబులో ఉంది. అన్న ఫోన్ అన్న జేబులో ఉంది. ఆమె తిట్టడానికి అనలేదు, తోచి అంది. నేను జేబులో చెయ్యి పెట్టి ఫోన్‌ను పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

వేడే కదా దాని జబ్బు. మరుసటి రోజు అన్న కింద గదిలో ఉన్న కూలర్‌ను మెట్ల మీదుగా పైకి ఈడ్చుకొచ్చాడు. అంత దగ్గు మనిషి, ఎట్లా తెచ్చాడో. నిండా నీళ్లు పోసి, గడ్డి తడిపి, ఫుల్లు స్పీడు పెట్టి దాని మూతి ముందు ల్యాప్‌టాప్‌ను కూర్చోబెట్టాడు. నాకూ సబబే అనిపించింది. చల్లగా ఉంటే బిగుసుకోదు కదా. నిజంగానే కొంచెం ఎక్కువ సేపు నడిచింది, ఫోల్డరు దాకా పోయింది, అక్కడ ఆగింది. రేపు ఇంకాస్త చల్లగా పెడదాం అనుకున్నాం. అట్లా రోజూ దానికి తడిగాలి పట్టించాం. ఒక మధ్యాహ్నం మీట నొక్కితే దీపం కూడా వెలగలేదు. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. చెక్క ముక్క.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట అనేశాను, నోరు ఊరుకోక. అని నాలుక కరుచుకున్నాను. వదిన నా వంక కొరకొరా చూసింది. అన్న భుజాలు కదిలాయి, గుడ్డ కింద నుంచి సుయ్ సుయ్‌మని గాలి వచ్చింది. ఆయన నవ్వు ఇప్పుడు అంతే.

మళ్లీ చౌరస్తాకు పోయాం. భాయ్ మూత విప్పి, వేలితో బోర్డును తడిమి, నా వైపు చూసి, ఏం చేసిండ్రు కాకా, నీళ్లల్ల ముంచిండ్రా అన్నాడు. కూలర్ సంగతి చెబితే తల కొట్టుకున్నాడు. లోపల తేమ పట్టి అక్కడక్కడా చిలుము కూడా మొదలైంది. అయితే డిస్కు వేరే, అది బయటికి తీసి తన కంప్యూటర్‌కు తగిలిస్తే పాట వచ్చే అవకాశం ఉంది, కాని తేమ మీద కరెంటు పెడితే ఉన్నది కూడా పోతుంది అన్నాడు. రంజాన్‌కు దుకాణం మూసి సొంతూరు పోతున్నాడట. ఇక్కడే పెట్టిపోండి, వచ్చాక చూస్తానంటే అన్న ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని ఇవ్వలేదు. సరేనని భాయ్ వెనక మూత బిగించకుండా, అట్లాగే వదులుగా పెట్టి ఇచ్చాడు.

"తేమంత ఆరాలె. బాగ ఆరినంక తెండ్రి. అప్పటిదాక కరెంటు పెట్టకుండ్రి" అన్నాడు.

తేమ అనే మాట వినగానే అన్న మొహంలో ఏదో మారింది. అంతవరకూ ర్యామ్, డిస్క్, బోర్డు అంటుంటే బిక్కమొహం వేసుకుని చూసిన మనిషి, ఇప్పుడు తెలిసినవాడిలా తల పంకించాడు. తేమ గురించి ఆయనకొకరు చెప్పాలా? ఒక్క కాయను వేళ్ల మధ్య నలిపి, ఇది ఇంకా రెండెండలు అడుగుతుందని చెప్పిన మనిషి. తేమ ఉన్న సరుకును యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పుడే ఎండినట్టు. చప్పుడు రాకపోతే మళ్లీ ఎండకే.

అది సీజన్ పని మీదున్న వారం. వే బ్రిడ్జి దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి, నేను పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాణ్ణి. ల్యాప్‌టాప్ కింది వాటాలో, అన్న గదిలో గుడ్డ కప్పుకుని ఆరుతోందనే అనుకున్నాను. అన్న మాత్రం దాన్ని డాబా మీద ఎండబెట్టాడు. వదిన ఏడాది కారానికి మిరపకాయలు అక్కడే పట్టా మీద పోసి ఉంచింది, ఆ పక్కనే ఒక ఉతికిన ధోవతి పరిచి, మూత తీసేసి, ల్యాప్‌టాప్‌ను వెల్లకిలా పెట్టాడు. గంటగంటకూ మెట్లెక్కి పోయి కాయల్ని కాలితో తిరగేసినట్టే దాన్నీ తిరగేశాడు. పొద్దు గూకితే మంచు పడుతుందని గోనె కప్పాడు. మెకానిక్ చెప్పాడేమోనని వదిన అనుకుంది. చెప్పాడు కూడా, ఆరాలనే కదా చెప్పింది. ఆయనది చేతగాని పని కాదు. పుట్టినప్పటి నుంచి మేమంతా తేమకు చేసే మందు అదొక్కటే.

పండుగ అయిపోయిన సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అన్న గేటు దగ్గరే ఉన్నాడు. చంకలో ల్యాప్‌టాప్. కుడిచేతి వేళ్లకు వెన్న రాసి ఉంది. మొహం వెలిగిపోతోంది. నన్ను బండి దిగనివ్వకుండానే దాన్ని నా చెవి దగ్గర పెట్టి ఊపాడు.

లోపల గలగలమంది.

ఇంకోసారి ఊపాడు. గలగల. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, యార్డులో సరుకు పక్వానికి వచ్చిందని చూపించే సైగ చేశాడు. ఏం దాచుకోను, ఒక్క క్షణం నాకూ సంతోషమే అయింది. మిర్చి మధ్య పెరిగిన చెవి నాది, ఆ చప్పుడు వింటే మనసు తనంతట తానే సరే అంటుంది. ఆ తర్వాతే తట్టింది. ల్యాప్‌టాప్‌లో గింజలుండవు.

వేళ్లకేమైందని వదినను అడిగాను. మధ్యాహ్నం తిరగేయబోతే ల్యాప్‌టాప్ రేకు పెనంలా కాలి ఉందట, చెయ్యి చుర్రుమని వదిలేశాడట.

"జర కింద వడ్డది. గంతే. పైన ఒక్క గీత గూడ వడలె" అంది వదిన.

పొద్దున్నే దుకాణం తెరవకముందే పోయి షట్టరు ముందు నిలబడ్డాం. భాయ్ పండుగ కళతో వచ్చాడు, ఇంటి నుంచి తెచ్చిన సేమియా మాకు కూడా పెట్టాడు. అన్న ముందు పని చూడమని సైగ చేశాడు. భాయ్ డిస్కును విప్పి బయటికి తీశాడు, అరచేతిలో పట్టేంత ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అన్న నా వైపు చూసి కళ్లతోనే నవ్వాడు, చూశావా అన్నట్టు. భాయ్ మొహం మాత్రం మాడిపోయింది. నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

దీని లోపల పలక ఉంటుంది కాకా, దాని మీదే అన్నీ ఉంటాయి, ఈ చిన్న డిస్కుల్లో ఆ పలక గాజుది అన్నాడు. మూత విప్పి చూపించాడు. అద్దం పగిలినట్టు తునకలు, అడుగున తళతళలాడే పొడి. హైదరాబాద్‌లో అడిగితే అన్నాను. హైదరాబాద్‌ల గాదు, ఢిల్లీల గాదు, పొడిలకెళ్లి ఎవ్వరు తీస్తరు కాకా అన్నాడు. తర్వాత, ఏదో అడగాలి కాబట్టి అడిగాడు.

"ఎవరు పడేసిండ్రు?"

అన్న చెయ్యెత్తాడు. బడిలో పంతులు అడిగితే పిల్లవాడు ఎత్తినట్టు, వెన్న రాసిన వేళ్లతో, భుజం దాకా ఎత్తి అట్లాగే ఉంచాడు. నేను పట్టుకుని దించాల్సి వచ్చింది. ముసలి డిస్కు అది, ఎండకు కాకపోయినా ఎట్లాగూ పోయేదే అని భాయ్ ఏదో సర్దిచెప్పాడు. నేను కూడా అదే అన్నాను. అన్న మా ఇద్దరి మొహాలూ చూసి పలక సంచిలో పెట్టేసుకున్నాడు.

డిస్కుకు మళ్లీ మూత పెట్టించి ఆయనే పట్టుకున్నాడు. బండి వెనక కూర్చున్నాడు. చౌరస్తా నుంచి కాశిబుగ్గ దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ఆ రోజే తెలిసింది. ప్రతి దాని దగ్గరా నా వీపు వెనక గలగల. ఎంత మెల్లగా ఎక్కించినా గలగల. ఒకచోట బండి ఆపి, దాన్ని బయటికి విసిరెయ్ అన్నా అని గట్టిగా అరిచాను. దారిన పోయేవాళ్లు చూశారు. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, చప్పుడు కాకుండా పైనుంచి అరచెయ్యి అదిమి పట్టుకున్నాడు.

తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. కూలర్ కిందికి పోయింది. వదిన మిరపకాయలు పట్టించి కారం జాడీలకెత్తింది. మిగిలిన ల్యాప్‌టాప్ డబ్బాను పాత సామాన్లవాడికి వేస్తుంటే అన్న అడ్డు చెప్పలేదు, డిస్కు మాత్రం ఇవ్వలేదు. ఆయన మందుల డబ్బాలో ఉంది. డబ్బా తీసినప్పుడల్లా చప్పుడవుతుంది, వదిన విననట్టు ఉంటుంది.

వానలు మొదలైన ఒక ఆదివారం అన్న మళ్లీ మెట్లెక్కి పైకొచ్చాడు. అదే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు బలపం వేళ్ల మధ్య తిప్పాడు. రాసి చూపించాడు. "నీకు యాదున్నదా? ఒకసారి పిలువు."

నేనా, పాట పిలవడమా? నేను తూకం మనిషిని, నా నోట్లోంచి లారీ వెనక్కు తియ్యమనే కేక తప్ప ఏనాడూ ఏదీ రాలేదు. నా వల్ల కాదన్నా అన్నాను. ఆయన పలక తిప్పలేదు, అట్లాగే పట్టుకుని ఉన్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి విన్న గొంతు, కళ్లు మూసుకుంటే వినపడాలి కదా. మూసుకున్నాను. మాటలు వచ్చాయి, వరస వచ్చింది, గొంతు రాలేదు. గొంతు ఉండాల్సిన చోట ఆ రోజు బిగుసుకుపోయిన ల్యాప్‌టాప్ గర్రుమంటోంది. అంతకు ముందున్నవన్నీ అది తినేసింది.

అయినా లేచి నిలబడ్డాను. మిర్చి బస్తాల ముందు నిలబడ్డట్టు ఒక కాలు ముందుకేసి పిలిచాను. ఏయ్ సూడుండ్రి, చేతిల వట్టి సూడుండ్రి అని మొదలుపెట్టి, గలగలంటాంది దాకా వచ్చి, ఆ విరుపు దగ్గర గొంతు లేపబోతే బొంగురుపోయి కిందికి జారింది. గాడిద ఓండ్ర పెట్టినట్టే ఉంది. యార్డులో అయితే హమాలీలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

అన్న కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కూడా కొంతసేపు తెరవలేదు. మెడ గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది, పెదాలు కూడా కదులుతున్నాయి, విన్నది లోపల ఒకసారి అనుకుంటున్నట్టున్నాడు. తర్వాత పలక తుడిచి రాసి నా ముందు పెట్టాడు.

"గిట్లనే ఉండెనా?"

"గిట్లనే ఉండె అన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, పలక తుడుచుకుని మెట్లు దిగిపోయాడు.